ఇంటిగుట్టు ఎవరి సొత్తు?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత ఎరుగని తెలుగువారుండరు. ఈ రెండు కార్యములలోను మనుష్యుని ధనబలముతోపాటు ఓర్పును వివేకమును గూడ పరీక్షకు వచ్చునని పెద్దల యభిప్రాయము. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. వారి కాలమున ఇల్లు అమ్ముకొనుట దారిద్ర్యమునకును అపకీర్తికిని గుర్తుగ నుండెను గాన, దానిని గూర్చి సామెత చెప్పుకొనుటకు గూడ వెనుదీసిరి కాబోలు. నేడట్లు కాదు. పిల్లలు హైదరాబాదునందో, బెంగుళూరునందో, సముద్రముల కావలనో స్థిరపడుచున్నారు. తల్లిదండ్రులు వృద్ధులై వారిని చేరుకొనుచున్నారు. గోదావరిసీమ పల్లెలలో తాళము వేసిన మండువాయిండ్లు కనబడని వీథి అరుదు. ఇల్లు అమ్ముట ఇప్పుడు అనేక కుటుంబములకు తప్పని గృహకృత్యమైనది. అందరికిని తటస్థించు కార్యమునందు ధర్మమేదో, అధర్మమేదో ముందుగా ఆలోచించుకొనుట మంచిది.

ఇల్లు అమ్మదలచినవారు దానిని సిద్ధపరచుట లోకాచారము. పగిలిన పెంకులు మార్పింతురు. గోడలకు వెల్ల వేయింతురు. దొడ్డిలోని ముండ్లపొదలు కొట్టింతురు. అటకమీది భోషాణమును దింపి పాత దస్తావేజులు వెదకుదురు. ఇంటిపన్ను బాకీ చెల్లింతురు. రిజిస్ట్రారు కచ్చేరినుండి ఈసీ తెప్పింతురు. ఇవన్నియు చేయదగినవే. అయితే ఈ సిద్ధపరచుటయందు ఎంతవరకు శుభ్రపరచుటయో, ఎచ్చటినుండి కప్పిపుచ్చుటయో తెలియని సన్నని ఎల్ల యొకటి కలదు. ఆ యెల్లను మేము దాటితిమి. దాటిన పిదప వెనుకకు వచ్చితిమి. ఆ సంగతియే ఇచ్చట వ్రాయుచున్నాము.

మా ఇల్లు కోనసీమలో ఏటిగట్టునకు చేరువగా నున్న పెంకుటిల్లు. మా తండ్రిగారు 1961వ సంవత్సరమున తమ స్వార్జితముతో దానిని కొనిరి. ఇంటి సావడిగోడపై రెండు గీతలు కలవు. మోకాలెత్తున నున్నది 1953 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదకు గుర్తు. రొమ్మెత్తున నున్నది 1986 ఆగస్టు వరదకు గుర్తు. ఆ సంవత్సరము భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు పెరిగెను. దిగువను గట్లు తెగి ఊళ్లు మునిగెను. నీరు తీసిన పిదప మా తండ్రిగారు మేకుతో గోడపై గీత గీచి ప్రక్కను సంవత్సరము వేసిరి. ఆయన 1999లో మరణశాసనము వ్రాయకయే గతించిరి. 2022 జూలైలో భద్రాచలము వద్ద 71.3 అడుగుల నీరు వచ్చినప్పుడు ఏరు మా వీథిమెట్లు తాకి వెనుకకు పోయినది. అటుపిమ్మట ఎనుబది దాటిన మా తల్లిగారిని ఆ యింట ఒంటరిగా ఉంచరాదని మేమును మా యన్నగారును నిశ్చయించి, 2024 మాఘమాసమున ఇల్లు అమ్మకమునకు పెట్టితిమి.

కొనుటకు మెట్టప్రాంతమునుండి ఒక విశ్రాంతోపాధ్యాయుడు వచ్చెను. ఉద్యోగము విడుచునప్పుడు వచ్చిన సొమ్ముతో కొబ్బరిచెట్ల నడుమ ఒక పాతయిల్లు కొనుక్కొని భార్యతోను మనుమలతోను కాలము గడపవలెనని ఆయన కోరిక. మాఘమాసమున గోదావరి ఎంత సాధువుగ నుండునో ఆ ప్రాంతమువారికి తెలియును. ఆయన చెట్లను చూచెను, నూతినీరు రుచి చూచెను, దూలములను తట్టి చూచెను, ధరకు ఇంచుమించుగ ఒప్పుకొనెను. మరల కుటుంబముతో వత్తునని చెప్పి పోయెను. వరదమాట ఆయన అడుగలేదు, మేము చెప్పలేదు. ఆయన రెండవమారు వచ్చులోపల వెల్ల వేయింపుమని మధ్యవర్తి చెప్పగా మనిషిని పిలిపించితిమి. అతడు సావడిలోనికి వచ్చి గోడవంక చూచి, “ఈ గీతలు కనపడకుండా రెండు పూతలు ఎక్కువ వెయ్యమంటారా బాబూ, ఇలాగే ఉంచమంటారా?” అని అడిగెను. మేము మా యన్నగారి మొగము చూచితిమి. ఆయన మా మొగము చూచెను. “వెయ్యి” అంటిమి.

ఆ సాయంకాలము మా తల్లిగారు దీపము పెట్టుటకు వచ్చి తెల్లనిగోడ చూచి కొంతసేపు నిలువబడిరి. కోపింపలేదు. “మాకు అమ్మినాయన ఆ కింది గీత చూపించి మరీ అమ్మాడు నాయనా. అది చూసే మీ నాన్నగారు గాదె ఎత్తుమీద కట్టించి, అటక మీదికి మెట్లు పెట్టించారు. ఎనభైయారులో మనం బతికింది ఆ మెట్ల మూలానే” అని లోపలికి పోయిరి. ఆ మాట నిజము. రెండు రాత్రులు మేమందరము అటకపై కూర్చుంటిమి. 1961లో మా తండ్రిగారికి ఇల్లమ్మిన పెద్దమనుష్యుని పేరు దస్తావేజులో నున్నది గాని, ఆయన ముఖము మేమెరుగము. ఆయన ఆ గీతను మరుగుపరచి యుండినచో గాదెయు, మెట్లును కట్టబడి యుండవు. తన ఇంటిలోపమును తానే చూపిన ఒక అపరిచితుని మూలమున ఇరువదియైదేండ్ల పిదప మా ప్రాణములు దక్కినవి. అట్టివారము మేము ఆ గుర్తుపై సున్నము పూయించితిమి.

ఇచ్చట మౌనపక్షమువారి వాదమును గూడ న్యాయముగ వినవలెను. “ఇంటిగుట్టు లంకకు చేటు” అని వారందురు. అమ్మువాడు అబద్ధమాడకుండిన చాలును. అడుగని మాటకు జవాబు చెప్పనక్కరలేదు. కొనువాడు పసివాడు కాడు. కన్నులున్నవి, ఊరివారున్నారు, వార్తాపత్రికలున్నవి. గోదావరికి వరద వచ్చునని ఎవరికి తెలియదు? తన వస్తువును తానే నిందించుకొని అమ్మువాడు ఎచ్చటనైన కలడా? మా మధ్యవర్తి కూడ ఈ మాటలే మరియొక విధముగ చెప్పెను. ఈ వాదము నిన్న మొన్నటిది కాదు. క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున రోమను పండితుడగు సిసిరో తన కుమారునికి బోధగా వ్రాసిన ధర్మగ్రంథము మూడవ భాగమున ఈ ప్రశ్ననే విమర్శించెను. ఒకని ఇల్లు అనారోగ్యకరమైనది. పడకగదులలో పాములు తిరుగుచున్నవి. కలప పుచ్చి కూలుటకు సిద్ధముగ నున్నది. ఇది యజమానునికి దక్క మరెవ్వరికిని తెలియదు. అతడు చెప్పక అమ్మవచ్చునా? డయోజెనీసు అను తత్త్వవేత్త అమ్మవచ్చుననియు, కొనుమని ఎవరును బలవంతము చేయలేదు గదా యనియు వాదించెనట. ఆయన శిష్యుడే యైన ఆంటిపాటరు, దారి తప్పిన బాటసారికి దారి చూపకుండుటకంటె ఇది నీచమని ఖండించెనట. సిసిరో శిష్యుని పక్షమే వహించెను. ఊరకుండుట యంతయు దాచుట కాదనియు, ఎదుటివాడు తెలిసికొనవలసిన సంగతి తెలియకుండుటే మనకు లాభమని ఊరకుండినచో అది దాచుటయే యనియు ఆయన తీర్పు.

ఈ తీర్పు మాకు సరియైనదిగ తోచుచున్నది. గోదావరికి వరద వచ్చుట లోకమునకు తెలియును. ఆ వరద ఈ ఇంటి సావడిలో రొమ్మెత్తు నిలుచుట లోకమునకు తెలియదు. అది ఆ గోడకును మాకును మాత్రమే తెలియును. గోడ తనకు తెలిసినది చెప్పుచునే యుండెను. దాని నోరు మేము మూయించితిమి. మన దేశమున 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ఈ విషయమును ఎరుగకపోలేదు. వేరు ఒడంబడిక లేనప్పుడు, తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తచే కనిపెట్టరాని ముఖ్యలోపము ఆస్తియందు గాని హక్కునందు గాని యున్నచో, అమ్మువాడు దానిని చెప్పవలెననియు, చెప్పకుండుట మోసమనియు ఆ చట్టము విధించినది. గీత గోడపై నున్నంతకాలము సామాన్యమైన జాగ్రత్త గలవాడు దానిని చూచి ఇది ఏమని అడిగియుండును. రెండు పూతలు ఎక్కువ వేయించిననాడు మేము ఆయన జాగ్రత్తనే వమ్ము చేసితిమి. ఇంత చేసి “అడుగలేదు గదా” యనుట ఒకని కన్నులకు గంతలు కట్టి వానిని గ్రుడ్డివాడని నిందించుట వంటిది.

ఇక సొమ్ము మాట. ఇల్లు అమ్మువాడు సాధారణముగ తలపోయునదేమి? నిజము చెప్పినచో రెండు మూడు లక్షలు తగ్గును. ఆ సొమ్ము నాకు నష్టము, అని. ఈ లెక్కలోనే తప్పున్నది. లోపము తెలిసినవాడు ఇచ్చు ధర ఇంటికి ధర. తెలియనివాడు దానిపై ఎక్కువగ ఇచ్చునది ఇంటికి కాదు. ఇంట అదనపు ఇటుక యొక్కటియు లేదు, అదనపు సెంటుభూమియు లేదు. ఆ ఎక్కువ సొమ్ము వాని అజ్ఞానమునకు ధర. వాని అజ్ఞానమును వానికే అమ్మి సొమ్ము చేసికొనుచున్నామన్న మాట. అట్టి సొమ్మును పోగొట్టుకొంటిమని చింతించుట, మనది కాని గొడుగు వర్షము తగ్గినపిదప యజమానునికి ఇయ్యవలసి వచ్చెనని చింతించుట వంటిది.

ఒక యింట నలువదియేండ్లు కాపురమున్నవారికి ఎన్నియో సంగతులు తెలియును. ఏ మూల వాన కారునో, ఏ దూలమునకు లోపల చెద పట్టినదో, ఏ వేసవిలో నూతినీరు ఉప్పనగునో, దొడ్డిదారిన ప్రక్కయింటివారికి నడకహక్కు ఎప్పటినుండి యున్నదో తెలియును. ఇదియే ఇంటిగుట్టు. ఈ తెలివి ఇంటితో కలిసి పుట్టినది. ఇల్లు విడిచినవారికి దానితో పనిలేదు. ఇంట ప్రవేశించువారికి అది లేనిదే గడవదు. కావున తాళపుచెవులవలెనే అదియు కొన్నవానికి చెందవలసిన సొత్తని మా నమ్మకము. పూర్వులును ఇల్లమ్ముటను చాటుమాటు వ్యవహారముగ నుంచలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము తృతీయాధికరణమున, అమ్మదలచిన ఇంటి ముంగిట చుట్టుప్రక్కల నలువది కుటుంబములవారి యెదుట ప్రకటింపవలెననియు, ధర చెప్పి ముమ్మారు చాటవలెననియు నియమము కలదు. నలువది యిండ్లవారి యెదుట నిలిచి అమ్మువానికి గీతలమీద సున్నము పూయుట సాధ్యము కాదు. వారిలో ఒకడైన నవ్వకమానడు. చెడ్డసరకును మంచిసరకుగ అమ్మరాదనియు, మరుగుపరచి అమ్మరాదనియు మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము గూడ చెప్పుచున్నది. స్త్రీల విషయమున ఆ స్మృతితో మేము ఏకీభవింపకున్నను, ఈ మాటయందు దానిని గౌరవింతుము. ఇక లంకచేటు సామెతకు సమాధానమొక్కటే. విభీషణుడు గుట్టు చెప్పుటచే లంక చెడినదనుట తేలిక. లోపల అపహరించి తెచ్చినది లేకున్న గుట్టు బయటపడినను లంకకు భయమేమి?

అయినను అమ్మువాడు ఇంటి దోషములన్నిటిని జాబితా వ్రాసి గుమ్మమునకు కట్టవలెనని మేము చెప్పము. ఇచ్చట ఒక కొలత కావలెను. మరమ్మతు ఇంటిని మార్చును. మరుగు చూచువాని కంటిని మాత్రమే మోసగించును. కారుచున్న చోట పెంకులు మార్పించుట మరమ్మతు. కారిన మరకపై రంగు పూయుట మరుగు. చెదపట్టిన దూలమును తీసి క్రొత్తది వేయుట మరమ్మతు. దాని క్రింద పలకలు కొట్టి నునుపు చేయుట మరుగు. ముగ్గు పెట్టుట, తులసికోటకు సున్నము వేయుట, నూతిగట్టు కడుగుట ఈ రెంటిలో దేనికిని చేరవు. అతిథి వచ్చునప్పుడు మంచిబట్ట కట్టుకొనుటవంటివి. ఈ పని ముగిసిన పిదప కొనువాడు ఇంటిని గూర్చి మునుపటికంటె ఎక్కువ తెలిసికొనునా, తక్కువ తెలిసికొనునా అని ప్రశ్నించుకొన్నచో ఎవరికైనను మార్గము తెలియును.

వాస్తు మాట యిచ్చట రాక తప్పదు. మా వీథిగుమ్మము దక్షిణమునకున్నది. దానిని మూయించి తూర్పున క్రొత్తగుమ్మము తెరిపించినచో ధర పెరుగునని పలువురు చెప్పిరి. గుమ్మము దిక్కుచే మనుష్యుల ఆయువు పెరుగుట గాని తరుగుట గాని మేము నమ్మము. నమ్మని దానికై గోడ పగులగొట్టించి, నమ్మువాని భయమును సొమ్ము చేసికొనుట మాకు నచ్చలేదు. మరి ఆ గుమ్మమును దోషముగ మేమే చెప్పవలెనా? అక్కరలేదని మా యభిప్రాయము. గుమ్మము ఎదుటనే యున్నది. దానికి ఆయన ఎట్టి అర్థము చెప్పుకొనునో ఆయన ఇష్టము. అమ్మువాడు చెప్పవలసినవి జరిగిన సంగతులు, ఊహలు కావు. ఆ యింట ఎవరైన మరణించిరా యని కొనువాడు అడిగినచో మాత్రము ఉన్నదున్నట్లు చెప్పవలెను. మనము మూఢవిశ్వాసమని తలచినంత మాత్రమున ఎదుటివాని ప్రశ్నకు అబద్ధము చెప్పు హక్కు మనకు రాదు.

ఇంతవరకు వెలుపలివారి మాట. గోడమీది సున్నమును గూర్చి ఆలోచించుచుండగా, అట్టి సున్నమే మేము ఇంటిలోపల గూడ పూసితిమని తెలిసినది. మా తండ్రిగారు మరణశాసనము వ్రాయలేదని చెప్పియుంటిమి గదా. అది ఆయన స్వార్జితము. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టముచే మా తల్లిగారికిని, మా యక్కగారికిని, మా యన్నదమ్ములమిద్దరికిని తలకొక నాలుగవపాలు చెందును. మేమును మా యన్నగారును చేసినదేమనగా, అక్కగారికి మంచిచీరయు, పసుపుకుంకుమ క్రింద కొంతసొమ్మును ఇచ్చి, ఆమెచే హక్కువిడుదల దస్తావేజుపై సంతకము పెట్టించుటకు కాగితములు వ్రాయించితిమి. ఇల్లు ఎంతకు పోవుచున్నదో ఆమెకు చెప్పలేదు. ఆమె అడుగలేదు.

ఆ విశ్రాంతోపాధ్యాయుడును అడుగలేదు. మా యక్కగారును అడుగలేదు. ఆయన మమ్ము పెద్దమనుష్యులని నమ్మి అడుగలేదు. ఆమె మమ్ము తమ్ముళ్లని నమ్మి అడుగలేదు. ఇద్దరి నమ్మికనుండియు మేము లాభము తీయదలచితిమి. కట్నము ఇచ్చితిమి, పురుళ్లు పోసితిమి, పుట్టింటి రాకపోకలు నిలుచునా అని ఆడపిల్లలచే సంతకములు పెట్టించు కుటుంబములు నేటికిని ఎన్నియో కలవు. చట్టము గూడ ఈ తప్పులో కొంతకాలము పాలు పంచుకొనినది. పురుషవారసులు తమంత తాము పంచుకొనదలచువరకు, కుటుంబము పూర్తిగ నివసించుచున్న ఇంటిని పంచుమని కోరు హక్కు స్త్రీవారసులకు లేకుండ 1956 చట్టము 23వ సెక్షను అడ్డుపడెను. 2005లో ఆ సెక్షనును తొలగించిరి. అనగా పొలమునందు పాలున్న ఆడపిల్లకు, తాను పుట్టిన ఇంటి పాలు అడుగుటకు దాదాపు ఏబదియేండ్లు సోదరుల చిత్తమే గతియైనది. చట్టము దిద్దుకొన్నది, ఇండ్లలోని వాడుక ఇంకను దిద్దుకొనలేదు. అక్కచెల్లెండ్రు తమ పాలు వదలుకొనరాదని మేము చెప్పుట లేదు. పాలెంతయో, ధరయెంతయో తెలిసి వదలుకొన్నచో అది ఔదార్యము. తెలియక వదలుకొన్నచో అది ఇచ్చుట కాదు, తీసికొనబడుట.

మా తల్లిగారి సంగతి అంతకంటె సిగ్గుచేటు. ఆమె ఎచ్చట ఉండవలెనో మేమిద్దరమును తీర్మానించితిమి. ఆరునెలలు ఒకరియింట, ఆరునెలలు మరొకరియింట. ఆమెను అడిగినవారు లేరు. పెరటిపాకలో ఇరువదియేండ్లుగ ఉండి, దొడ్డి ఊడ్చి, తల్లిగారికి సాయపడుచున్న కుటుంబమునకు ఇల్లు అమ్మకమునకు వచ్చినదను మాట మధ్యవర్తి వలన తెలిసినది గాని మావలన తెలియలేదు. వారికి చట్టమున హక్కుండినను లేకున్నను, తల దాచుకొను చోటు మారుచున్నదని ముందుగ తెలిసికొను హక్కు మానవమాత్రులకెల్ల కలదు.

కొనువారికి ధర్మము లేదని ఎవరును తలపరాదు. పై చెప్పిన 55వ సెక్షనే, ఆస్తిలో అమ్మువానికి గల హక్కును గూర్చి అమ్మువానికి తెలియక తనకు తెలిసిన సంగతి, దాని విలువను మిక్కిలి పెంచునదైనచో, చెప్పవలెనని కొనువానిని గూడ బంధించినది. ఆపదలో అమ్ముకొనువాని కన్నీటిని చూచి ధర తెగ్గోయువాడు, సున్నము పూసినవానికి తోబుట్టువే. మరియు దస్తావేజులో ఒక ధర, చేతిలో ఒక ధర పెట్టుకొను వాడుక యందు ఇరువురును కలిసి మూడవవానిని మోసగింతురు. స్థిరాస్తి అమ్మకమునకు ఇరువదివేల రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగ పుచ్చుకొనుటను 2015లో శాసనముచే నిషేధించిరి. ఒకరితో సత్యమాడి వేరొకరితో అసత్యమాడుట సత్యమునందు సగముపాలు కాదు. తనకు అనుకూలమైనచోట సత్యమాడుట మాత్రమే.

పిదప జరిగినదేమో చెప్పి ముగింతుము. ఉపాధ్యాయుడు భార్యతో రెండవమారు వచ్చిన దినమున ఆయనను సావడిలోనికి తీసికొనిపోయి, ఈ సున్నము క్రింద రెండు గీతలు కలవని చెప్పి, ఎత్తు చేతితో చూపితిమి. ఆయన గోడపై చేయి పెట్టి కొంతసేపు మాటలాడలేదు. “మీరు ఉండగానే వచ్చిందాండీ?” అని మాత్రము అడిగెను. వచ్చినదంటిమి. వారము దినములకు ఆయన కొననని మధ్యవర్తిచే చెప్పి పంపెను. మమ్ము మెచ్చుకొన్నట్లు గాని, మాకు కృతజ్ఞుడైనట్లు గాని మాకు వార్త రాలేదు. మా యన్నగారు కుమారుని చదువుకై చేసిన అప్పునకు ఆ సొమ్మును నమ్ముకొనియుండిరి గాన, కొన్ని నెలలు మాతో ముభావముగ నుండిరి. ఆయన కోపమునందు న్యాయము లేదని మేము చెప్పజాలము. మా మనశ్శాంతికి ఆయన వడ్డీ కట్టుకొనెను. తుదకు ఎనిమిదినెలల పిదప ప్రక్కయింటివారే మూడు లక్షలు తక్కువకు కొనిరి. వారికి ఆ గీతలు చూపనక్కరలేకపోయెను. 1986లో వారును తమ అటక మీదనే యుండిరి.

అక్కగారికి ధర చెప్పితిమి. ఆమె కొంతసేపు లెక్క చూచుకొని తన నాలుగవపాలు తీసికొనెను. మేము లోలోపల ఆశించినట్లు వదలుకొనలేదు. ఆ దినమున మాకు కొంచెము కష్టము తోచినమాట దాచము; అది మాకు కావలసిన పాఠమే. తల్లిగారిని అడుగగా, ఆరునెలల కొకచోట మూట కట్టుకొని తిరుగలేననియు, కూతురియింట నుందుననియు చెప్పిరి. ఇన్నాళ్లు కూతురియింట నుండుట మాకు మర్యాద కాదని మేము తలచుచుండగా, ఆమె అదే కోరుకొనుచుండిరి. పాకలోని కుటుంబమునకు ఊరిలోనే మరొకచోట నిలువుటకు అమ్మకపు సొమ్మునుండి కొంత తీసి ఇచ్చితిమి. అది చాలినంతయని చెప్పము.

ధర్మము నడపినవానికి చివరకు రెట్టింపు లాభము వచ్చెనని ముగియు కథలు పిల్లలకు బాగుండును. పెద్దవారు తెలిసికొనవలసినది, నష్టము వచ్చినను చేయదగినది చేయదగినదే యని. ఇల్లు అమ్మదలచిన గృహస్థులు వెల్ల వేయువానిని పిలుచుటకు ముందు, ఇంటివారందరిని, ఆడవారిని మగవారిని, ఒకచోట కూర్చుండబెట్టి రెండు ప్రశ్నలు వేసికొందురు గాక. ఈ ఇంటిని గూర్చి మనకు తెలిసి కొనువానికి తెలియనిదేమి? ఈ అమ్మకమును గూర్చి మనకు తెలిసి మనవారికే తెలియనిదేమి? ఈ రెంటికిని సమాధానము చెప్పుకొన్న పిదప గోడకు ఏ రంగు వేసినను బాధలేదు.

తాళపుచెవులు అప్పగించుటకు ముందటి సాయంకాలము మేమొక్కరము ఆ సావడిలో కూర్చుండి, తడిగుడ్డతోను కొబ్బరిపీచుతోను గోడపై సున్నమును రుద్దితిమి. పై గీత బాగుగ కనబడినది. క్రింది గీత కొంత చెరిగినది గాన మేకు తీసికొని దాని పైననే మరల గీచితిమి.